మెట్ట వీధి వాల్వు

పోయినవాళ్ళంతా మంచివాళ్ళేనంటారు. నీళ్ళాయన విషయంలో ఆ మాట మూడు వీధుల వరకే చెల్లింది. నాలుగోది, అన్నిటికన్నా ఎత్తు మీదున్న మెట్ట వీధి, ఆయన పోయిన రోజున కూడా మనసు మార్చుకోలేదు. పలకరించడానికి ఆ వీధి నుంచి ఒక్కరూ దిగి రాలేదు. రాకపోతే పోయారు, "ఇకనైనా మనకు నీళ్ళొస్తాయేమో చూద్దాం" అని కూడా అన్నారట. ఆ మాటను ఒలికిపోకుండా మోసుకొచ్చి నీళ్ళాయన భార్య చెవిలో వేసిన పుణ్యాత్ములూ ఉన్నారు. అలాంటివాళ్ళకు మాత్రం ఏ వీధిలోనూ కరువుండదు.

నీళ్ళాయన అంటే నగరం అంచున ఉన్న ఆ నాలుగు వీధులకూ నీళ్ళు వదిలే మనిషి. పెద్ద ట్యాంకు నుంచి రోజూ పొద్దున ఐదున్నరకు మెయిను లైనులోకి నీళ్ళొస్తాయి, తొమ్మిదికి ఆగిపోతాయి. ఆ మూడున్నర గంటలను నాలుగు వీధులకూ పంచాలి. ఒక్కో వీధి మొదట్లో రోడ్డు కింద ఒక గుంట, గుంటలో వాల్వు, పైన ఇనుప మూత. మూత లేపి, మనిషి ఛాతీ ఎత్తుండే ఇనుప తాళంచెవిని, వాడుకలో తాళాన్ని, లోపలికి దించి, దాని నెత్తిమీద అడ్డంగా ఉన్న పిడిని రెండు చేతులా పట్టుకుని తిప్పాలి. ఎడమకు ఇరవై చుట్లు తిప్పితే నీళ్ళు వెళతాయి. కుడికి ఇరవై చుట్లు తిప్పితే ఆగుతాయి. ఒక వీధిది కట్టేముందు తర్వాతి వీధిది తెరవాలి. చెప్పుకుంటే ఇంతే పని. ఈ ఇంత పనినీ ఆయన ఇరవై ఆరేళ్ళు చేశాడు. మొత్తం సర్వీసులో నాలుగే నాలుగు సెలవులు పెట్టాడు. అందులో ఒకటి పెళ్ళికి, అదీ సొంత పెళ్ళి కాబట్టి.

ఒకరోజు మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చినవాడు మళ్ళీ లేవలేదు. నీళ్ళ ఆఫీసు వాళ్ళు జాలిపడి, ఆరు నెలలకని తాత్కాలికంగా ఆ పని ఆయన భార్యకిచ్చారు. అప్పటిదాకా ఆమె ఇంట్లో కూచుని బట్టల షాపుకి గుండీలు కుట్టేది. తాళం భుజాన వేసుకుని వీధుల్లో తిరగడం మొదలుపెట్టిన వారానికి నీళ్ళమ్మ అయింది. ఆఖరి రెండేళ్ళూ భుజం నొప్పి వల్ల ఆయన ఈమెను వెంట తీసుకెళ్ళేవాడు గనక, చుట్ల లెక్కా తెలుసు, మూతలెక్కడున్నాయో కూడా తెలుసు.

"కళ్ళతో చూస్తే ఏం తెలీదు, అరచేత్తో చూడు" అని నేర్పాడాయన. నీళ్ళు కదిలితే ఆ కదలిక తాళం మీదుగా పిడిదాకా వస్తుంది. స్కూలు వీధి వాల్వు తిప్పగానే పిల్లి ఒళ్ళో పడుకుని గుర్రుమన్నట్టు చేతులు జిలజిలలాడతాయి. పార్కు వీధిదీ అంతే. తాము ఉండే పల్లపు వీధిదైతే చెప్పనక్కర్లేదు, మోచేతులదాకా వస్తుంది.

"మరి మెట్ట వీధి వాల్వు ఎందుకు పలకదు?" అని ఒకసారి అడిగింది.

"ఎత్తు. నీళ్ళకి మాత్రం ఓపిక ఉండొద్దూ? పైకి ఎక్కవు" అన్నాడాయన. అని, పిడి మీద చెయ్యి తియ్యకుండా అలాగే నిలబడ్డాడు.

మెట్ట వీధి కష్టానికి పదకొండేళ్ళు. అంతకుముందు ఆ వీధికీ అందరిలాగే నీళ్ళొచ్చేవి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పాత వాల్వు విరిగితే కాంట్రాక్టరు మనుషులు కొత్తది బిగించి, గుంట పూడ్చి, మూత పెట్టి వెళ్ళిపోయారు. అదే ఏడాది దిగువన పార్కు వీధిలో రెండు పెద్ద అపార్ట్‌మెంట్లు లేచాయి. నీళ్ళు తగ్గేసరికి అందరి వేళ్ళూ అపార్ట్‌మెంట్ల వైపు చూపించాయి. ఆఫీసు ఇంజనీరు వచ్చాడు, ఎత్తు చూశాడు, తలూపాడు, టీ తాగి వెళ్ళాడు.

ఒక్క లెక్కల టీచరమ్మ మాత్రం ఆ మాట నమ్మలేదు. ఆవిడ రిటైరైన టీచరు. మెట్ట వీధిలో మొదటి ఇల్లు ఆవిడదే, వాల్వు ఉన్నది సరిగ్గా ఆవిడ గేటు ముందే. ముత్యాల్లాంటి అక్షరాలతో ఏడాదికి రెండు చొప్పున ఆఫీసుకి ఫిర్యాదులు రాసేది. "ఇతను ఇక్కడ ఉన్నంతసేపూ కుళాయిలో చుక్క రాదు. మిగతా వీధులకు వదిలాక దారమంత వస్తుంది. ఇతను నీళ్ళు వదలడానికి రావడం లేదు, కట్టెయ్యడానికి వస్తున్నాడు" అని రాసేది. మిగతా వీధివాళ్ళు దానికి తాలింపు పెట్టేవారు: ఆయనుండేది పల్లపు వీధిలో కదా, వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూచున్నా ఫర్వాలేదు.

నీళ్ళాయన ఎవరితోనూ వాదన పెట్టుకోలేదు. "నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు" అని తాళం భుజానికెత్తుకునేవాడు. అనడం తేలికగానే అనేవాడు గానీ, ఫిర్యాదు వచ్చిన రోజున ఆయనకు అన్నం సయించేది కాదు. అది ఆమెకు తెలుసు.

నాలుగు నెలలు గడిచాక ఆఫీసులో సూపర్‌వైజరు పిలిచాడు. మంచివాడే, కాకపోతే ప్రతి మాటకీ కాగితం అడిగే మంచివాడు.

"పనిమీద మాకేం కంప్లైంటు లేదమ్మా. పర్మనెంటు చెయ్యమని నేను పైకి రాస్తాను. కానీ మెట్ట వీధి ఫైలు ఇంత లావుంది. ఆ వీధి వాళ్ళ దగ్గర్నుంచి ఒక్క కాగితం తెచ్చుకో, ఈవిడ పని బావుందని. అదుంటే ఎవరూ నోరెత్తరు" అన్నాడు.

మెట్ట వీధి వాళ్ళ నుంచి మంచిమాట. రాతి నుంచి నార తియ్యడం కన్నా కష్టం. ఆమె సరేనని వచ్చేసింది. గుండీలు కుట్టినా, వంటలు చేసినా బతుకు గడవకపోదు. కానీ ఆ పని ఆమెకు కావాలి. పొద్దున్నే ఆయన తిరిగిన దారిలోనే తిరుగుతుంటే, ఆయన పక్కనే ఉన్నట్టుండేది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

తర్వాతి వారమే అది జరిగింది. ఆ రోజు ఆమెకు మెలకువ వచ్చేసరికి ఆరు కావస్తోంది. అలారం మోగలేదో, మోగినా వినలేదో. ట్యాంకు వదిలి అప్పటికే అరగంట. రోజూ అయితే ట్యాంకు వదలక ముందే మెట్ట వీధికి ఎక్కి, ఆ వాల్వు తిప్పి సిద్ధంగా ఉంచాలి. మొదటి నీళ్ళు, మంచి ఒత్తిడి మీదుండే నీళ్ళు ఆ వీధికే అందాలని నీళ్ళాయన పెట్టిన పద్ధతి అది. ఇంత ఆలస్యంగా ఆ ఎత్తు ఎక్కాలా అని ఆమె ఒక్క క్షణం ఆగింది. 'ఎటూ రావు కదా' అనుకుంది. అనుకుని, నేరుగా స్కూలు వీధికి పరుగెత్తింది.

నిజం చెప్పొద్దూ, అలా అనుకున్నందుకు పనంతా అయ్యేదాకా ఆమెకు మనసు పీకుతూనే ఉంది. తొమ్మిదిన్నరకు, తిట్లేవో తినేసి వద్దామని మెట్ట వీధికి ఎక్కింది.

ఎక్కుతుండగానే కాళ్ళకింద రోడ్డు తడిగా తగిలింది. పైపు పగిలిందేమో అనుకుని గబగబా అడుగులేసింది. చూస్తే, గేట్ల కిందనుంచి పొద్దున పొర్లిన నీళ్ళు ఇంకా కారుతున్నాయి. ఏళ్ళ తరబడి కుళాయి కట్టెయ్యాల్సిన అవసరమే రాని వీధి కాబట్టి, కట్టడం ఎవరికీ గుర్తులేదు. ఒకాయన అంచులదాకా నిండిన డ్రమ్మును చేష్టలుడిగి చూస్తున్నాడు. ఒకావిడ కారు కడుగుతోంది, కారు ఆవిడది కాదు, పక్కింటివాళ్ళది.

టీచరమ్మ గేటు తీసింది. "రామ్మా, లోపలికి రా" అంది. అంతవరకు ఆ నోటినుంచి ఆమె వినని మాట అది. "మీ ఆయన పదకొండేళ్ళు చెయ్యనిది నువ్వు నాలుగు నెలల్లో చేసి చూపించావు. చెయ్యాలనుకుంటే అవుతుందని నేను మొదటినుంచీ అంటూనే ఉన్నాను. ఆయనకి మనసు లేకపోయింది, అంతే. టీ తాగుతావా?"

నీళ్ళమ్మ టీ తాగింది. చక్కెర వేశారో లేదో కూడా తెలియలేదు. తానేం చేసింది? ఏమీ చెయ్యలేదు. చెయ్యకపోవడమే చేసింది.

మర్నాడు ఐదింటికే వెళ్ళి మెట్ట వీధి వాల్వు మూత లేపి, తాళం దించి, తిప్పకుండా పిడి మీద అరచేతులు ఆనించి కూచుంది. ఐదున్నర దాటిన రెండు నిమిషాలకు, ఎన్నడూ పలకని ఆ వాల్వు గుర్రుమంది. ఎడమకు తిప్పింది. ఒకటి, రెండు, మూడు... ఇరవై. చేతుల కింద జిల చచ్చిపోయింది. కుడికి తిప్పింది. మళ్ళీ వచ్చింది. ఇంకోసారి ఎడమకు, ఇంకోసారి కుడికి. ఇక తిప్పే బలం లేక రోడ్డువారన కూలబడింది.

ఆఫీసులో, ఏదో మాటల మధ్య అడిగినట్టు సూపర్‌వైజరును అడిగింది. "అన్నా, ఎడమకు తిప్పితే మూసుకునే వాల్వులు కూడా ఉంటాయా?"

"ఎందుకుండవమ్మా? ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. బిగించేవాడు చెప్పి పోవాలి, అంతే" అన్నాడతను, కాగితాల్లోంచి తలెత్తకుండానే.

చెప్పి పోలేదు. బిగించినవాడు మూత పెట్టి పోయాడు. ఈయనేమో అప్పటికే పదిహేనేళ్ళ అలవాటు చేతిలో ఉన్నవాడు. ఎడమంటే తెరవడం, కుడంటే మూయడం. అన్నం తినే చెయ్యి ఏదో ఎవరైనా రోజూ సరిచూసుకుంటారా? తెరిచాననుకుని మూశాడు, మూశాననుకుని తెరిచాడు. టీచరమ్మ ఫిర్యాదులో ప్రతి అక్షరం నిజం. కట్టెయ్యడానికే వచ్చేవాడు, పాపం. తనకా సంగతి తెలియదు.

ఇంటికొచ్చాక ఆమె అల్మారా తలుపు తీసింది. తలుపు లోపలి వైపు ఆయన పెన్సిలుతో వీధుల టైములు రాసుకునేవాడు. రోజూ కనిపించేదే. ఆ రోజు కొత్తగా చూసింది. పదకొండేళ్ళ కిందట మెట్ట వీధికి ముప్పై నిమిషాలు. దాన్ని కొట్టేసి నలభై. నలభై కొట్టేసి యాభై. యాభై కొట్టేసి అరవై. పక్కనే పల్లపు వీధి, అరవై నుంచి యాభై, నలభై, ముప్పై. ఫిర్యాదులు ముదిరినప్పుడల్లా తన సొంత వీధిలో పది నిమిషాలు కోసి మెట్ట వీధికి కలిపాడు. అంటే, ఫిర్యాదులు ముదిరినప్పుడల్లా ఆ వీధి గొంతు ఇంకో పది నిమిషాలు నొక్కాడు.

ఆమెకు ముందు నవ్వొచ్చింది. ఎంత పిచ్చివాడివయ్యా అని తలుపుకేసి చూసి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆ తలుపుకే తల ఆనించి ఏడ్చింది. పోయిన రోజున ఏడ్చిన ఏడుపు వేరు, ఇది వేరు. ఇంత ప్రేమా ఇలా తలకిందులుగా ఖర్చైపోయిందే అని ఏడ్చింది.

ఎవరికీ చెప్పలేదు. మెట్ట వీధి వాల్వును కుడికి తెరవడం, ఎడమకు కట్టడం మొదలుపెట్టింది. నీళ్ళు పొంగుతూ ఎక్కాయి. ఎనిమిదో రోజున మెట్ట వీధి వాళ్ళే పిలిచి కాగితం చేతిలో పెట్టారు. అడగకుండానే ఇచ్చారు. టీచరమ్మ రాత, కింద పద్దెనిమిది సంతకాలు.

ఇంటికి తెచ్చి ఆడపడుచు చేతికిచ్చింది. ఆవిడ నీళ్ళాయనకు అక్క, పక్క వాటాలోనే ఉంటుంది. భర్త పోయాక తమ్ముడి నీడనే బతికిన మనిషి, నోరు మాత్రం ఎవరి నీడనా ఉండదు. కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివింది. "ప్రస్తుతం పనిచేస్తున్న ఆమె నిజాయితీ వల్ల మా వీధి కష్టం తీరింది. గతంలో ఈ పని చేసిన వ్యక్తి కావాలనే, మా వీధి మీద ద్వేషంతో, పదకొండేళ్ళు నీళ్ళు కట్టేశాడని దీనితో రుజువైంది. ఈమెను పర్మనెంటు చేయవలసిందిగా కోరుతున్నాము."

చదివి కళ్ళజోడు తీసింది. నీళ్ళమ్మ అప్పుడు వాల్వు సంగతంతా చెప్పింది. ఆడపడుచు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని కాగితం ఇంకోసారి చూసింది.

"అయితే ఏమంటావే?" అంది చివరికి.

"ఈ కాగితం ఆఫీసులో ఎలా ఇవ్వను వదినా? ఆయనకి ద్వేషమని రాశారు. ఉన్న సంగతి చెప్పేస్తాను."

"ఏమని? నా తమ్ముడికి వాల్వు తిప్పడం రాదనా?" అంది ఆవిడ. "ఇరవై ఆరేళ్ళు వాడికున్నది ఆ ఒక్క పేరే కదే. చేతిలో పనుంది అన్న పేరు. చెడ్డోడన్నారు, అననీ. లోకంలో చెడ్డోళ్ళకి తక్కువా? చేతకానోడని మాత్రం అనిపించకు. వాడు పోయినా వాడికి అది తగులుతుంది."

ఆడపడుచు మాటలో కాస్త నిజం ఉంది. పని రానివాడని అంటే ఆయన ముఖం ఎలా మాడిపోతుందో ఇద్దరికీ కళ్ళకు కట్టినట్టు తెలుసు. పైగా చెప్తే, తాను ఆ రోజు పని ఎగ్గొట్టిన సంగతీ బయటపడుతుంది. నోరు మూసుకుంటే ఉద్యోగం. తెరిస్తే ఆయనా పలచన, తానూ పలచన.

పాత్రలన్నీ కడిగింది. కడిగినవే మళ్ళీ కడిగింది. "వదినా" అంది. "చేతకాదని అంటే ఆయన చిన్నబుచ్చుకుంటాడు, నిజమే. రెండ్రోజులు నాతో మాట్లాడకుండా ఉంటాడు. ద్వేషమున్నోడని అంటే అసలు అది ఆయనే కాదు. వేరెవర్నో అన్నట్టు. ఆయన్ని ఆయనలా ఉంచనీ నన్ను."

ఆడపడుచు కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టి, ముక్కు చీదుకుంటూ పక్క వాటాలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు ఐదూ నలభైకి మెట్ట వీధిలో ప్రతి కుళాయి కిందా బకెట్టు మోగుతోంది. టీచరమ్మ పెరట్లో నీళ్ళు పడుతోంది. నీళ్ళమ్మ గేటు తట్టింది.

"కాగితం ఇచ్చావా?"

"ఇంకా లేదు టీచరమ్మా. ఒక్కసారి బయటికి రండి. మీ చేత్తో ఒకటి చూడాలి."

టీచరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నీళ్ళమ్మ ఆవిడ చేతులను తాళం పిడి మీద పెట్టించి, "ఎడమకు తిప్పండి" అంది. ఇద్దరూ కలిసి ఇరవై చుట్లు తిప్పారు. పెరట్లో బకెట్టు చప్పుడు సన్నబడి ఆగిపోయింది. "ఇప్పుడు కుడికి." బకెట్టు మళ్ళీ మోగింది. "మళ్ళీ ఎడమకు." ఆగిపోయింది.

"మిగతా మూడు వీధుల్లో ఎడమంటే తెరవడం టీచరమ్మా. ఇదొక్కటే తిరగేసి ఉంది. రోడ్డు వేసినప్పుడు బిగించినవాళ్ళు చెప్పలేదు. ఆయనకి తెలీదు."

లెక్కలు చెప్పిన మనిషికి ఇంతకన్నా విడమరచక్కర్లేదు. ఆవిడ ముఖం ముందు తెల్లబడి, తర్వాత ఎర్రబడింది.

"పదకొండేళ్ళు" అంది. "పదకొండేళ్ళు కిందనుంచి బకెట్లు మోశాను నేను. నా నడుం ఏమైందో నీకు తెలుసా? ఒక్కసారి, ఒక్కసారి అటు కాక ఇటు తిప్పి చూడాలని తోచలేదా ఆ మనిషికి? ఇప్పుడొచ్చి తెలీదంటే, పోన్లే పాపం అనమంటావా?"

"అనమనడంలేదు. మీరు పడ్డ కష్టం కష్టమే. ఆయన తప్పు తప్పే. కాగితంలో ద్వేషమని రాశారు, అదొక్కటీ నిజం కాదని చెప్పడానికొచ్చాను." అప్పుడు అల్మారా తలుపు మీది టైముల గురించి చెప్పింది. ముప్పై, నలభై, యాభై, అరవై. ఎక్కడ్నుంచి కోసి ఇక్కడ కలిపాడో చెప్పింది. ఆలస్యంగా లేచిన రోజు తానేమనుకుందో, ఈ వీధికి ఎటూ రావు కదా అని ఎలా ఎగ్గొట్టిందో, నీళ్ళెలా వచ్చాయో, అదీ చెప్పేసింది. "నా నిజాయితీ అని కూడా రాశారు. అదీ నిజం కాదు."

టీచరమ్మ గేటు పట్టుకుని నిలబడింది. పెదాలు కదులుతున్నాయి, ఏదో కూడుతున్నట్టు, తీసేస్తున్నట్టు. కాసేపటికి రోడ్డువారన ఉన్న రాతి పలక చూపించింది.

"ఇక్కడ కూచునేవాడు" అంది. "తిప్పి వెళ్ళిపోయేవాడు కాదు. రోజూ కూచునేవాడు, తాళం మీద చెయ్యేసి, మా ఇళ్ళవైపు చూస్తూ. మొదట్లో అరగంట, తర్వాత్తర్వాత గంట. మేం మళ్ళీ తిప్పుకుంటామేమోనని కాపలా కాస్తున్నాడని అనుకున్నాం. నేనే అందరికీ అలా చెప్పాను."

"నీళ్ళెక్కుతాయేమోనని కూచునేవాడు" అంది నీళ్ళమ్మ.

"ఒకసారి గేటు దగ్గరికొచ్చి అడిగాడు కూడా. వస్తున్నాయామ్మా అని. ఎండిపోయిన కుళాయి ముందు నిలబడి ఉన్నాన్నేను. వెక్కిరిస్తున్నాడనుకున్నాను. మొహం మీదే తలుపేశాను." ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది. తుడిచిన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకోలేదు. "కాగితం ఇలా ఇవ్వు. ఒక వాక్యం కొట్టేస్తే సరిపోదు. మొత్తం మళ్ళీ రాయాలి."

"వాల్వు సంగతీ రాయండి. నేను రాని సంగతీ."

"అవి రాస్తే నీ ఉద్యోగం?"

"పోతే పోనివ్వండి."

పోలేదు. సూపర్‌వైజరు అలవాటుగా ఒక సంజాయిషీ కాగితం అడిగి పుచ్చుకుని, నెల రోజులు నాన్చి, పైకి రాసి పర్మనెంటు చేయించాడు. ఆడపడుచు ఆ కొత్త కాగితాన్ని రెండుసార్లు చదివించుకుని, "బాగానే రాసిందిలే, టీచరు కదా" అంది. అవన్నీ తర్వాతి సంగతులు. ఆ పొద్దున మాత్రం వీధి వీధంతా గేట్ల దగ్గరికి వచ్చి, ఉన్నట్టుండి నీళ్ళెందుకు ఆగాయా అని తొంగి చూస్తోంది.

"ముందు నీళ్ళు వదులు" అని టీచరమ్మ గబగబా లోపలికి వెళ్ళింది.

నీళ్ళమ్మ పిడి పట్టుకుని కుడికి తిప్పింది. ఇరవయ్యో చుట్టుకి అరచేతుల్లో జిల వచ్చింది. వచ్చిందని తెలిసినా, పెరటి వైపు తిరిగి గట్టిగా అడిగింది.

"వస్తున్నాయా టీచరమ్మా?"

బకెట్టులో ధార పడుతున్న చప్పుడొక్కటే వినిపించింది. తర్వాత టీచరమ్మ గొంతు, ఏడుస్తున్నా దాచుకోని గొంతు, రాతి పలక దాకా వినబడేలా పలికింది.

"వస్తున్నాయయ్యా. బాగా వస్తున్నాయి."

'అయ్యా' అన్నది తనను కాదని నీళ్ళమ్మకు తెలుసు. అందుకే ఆమె బదులు పలకలేదు.